కొబ్బరిచెట్టు మీద కొలంబో

రేడియో సరిగ్గా పలకడం లేదంటే ఈ రోజుల్లో ఎవరైనా చేసే పని దాన్ని అటకెక్కించడం. మా చిన్నతనంలో అలా కాదు. రేడియో గరగరమందంటే ఇంటిల్లిపాదికీ, ఇరుగుపొరుగుకీ, ఆ దారిన పోయే పోస్టుమాస్టారుగారికీ కూడా తలా ఒక అభిప్రాయం ఉండేది. ఒకాయన ఏరియల్ అనేవారు, ఇంకొకాయన ఎర్త్ అనేవారు, మూడో ఆయన సెట్టు నెత్తిన నాలుగు తగిలించమనేవారు. చిత్రమేమిటంటే మూడు వైద్యాలూ ఒక్కొక్కప్పుడు పనిచేసేవి.

అమలాపురం, రాజోలు, కొత్తపేట తాలూకాల్లో పుట్టి పెరిగినవాళ్లకి షార్ట్‌వేవ్‌తో ఇంత చుట్టరికం ఎందుకు కలిసిందో తెలియాలంటే మన రేడియో ఎటునుంచి వచ్చిందో ఒక్కసారి చూడాలి. చుట్టూ గోదావరి పాయలూ, అటు సముద్రమూ. రేవు దాటితేగాని పేపరు రాని ఊళ్లు ఎన్నో. మద్రాసులో 1924లోనే ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు పుట్టింది, 1930లో ఆ ఊరి కార్పొరేషన్ ప్రసారాలు మొదలుపెట్టింది. కాని ఆ కేకలు గోదావరి దాకా రాలేదు. 1938 జూన్ 16న ఆలిండియా రేడియో మద్రాసు కేంద్రం తెరిచాకనే మనవాళ్లకి తెలుగు మాట గాలిలో దొరికింది. ఆ రోజుల్లో ఆలిండియా రేడియోకి చీఫ్ ఇంజనీరు గాయిడర్ అనే దొరగారు. ఇంత పెద్ద దేశానికి మీడియంవేవ్ కేంద్రాలు కట్టుకుంటూ పోతే ఖజానా చాలదనీ, అదీగాక మన ఉరుములూ మెరుపులూ మీడియంవేవ్‌ని వానాకాలమంతా బతకనివ్వవనీ లెక్కవేసి, ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసుల్లో షార్ట్‌వేవ్ ట్రాన్స్‌మిటర్లు పెట్టించాడు. అంటే మన దేశంలో రేడియో మొదట్లోనే గరగరకి భయపడి షార్ట్‌వేవ్ ఎక్కిందన్నమాట.

తరవాత యుద్ధం వచ్చింది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయి. కాకినాడ అంటే మాకు గోదావరి అవతలి గట్టు. ఆ వేసవిలో సెట్టున్న ఇంటి అరుగు మీద చోటు దొరికేది కాదని మా అమ్మమ్మ చెప్పేది. సెట్టున్న ఇల్లు ఊరికొకటి ఉంటే గొప్ప. కరెంటు లేదు. ఇటికరాయంత డ్రై బ్యాటరీ, తొంభై వోల్టులది, అది అయిపోతే మళ్లీ పట్నం పోవాలి. అంచేత సెట్టుగల ఆసామి వార్తల వేళకి మాత్రమే మీట తిప్పి, వార్తలవగానే కట్టేసేవాడు. లోభితనం అనుకునేరు, బ్యాటరీ ఖరీదు అలాంటిది.

విజయవాడ కేంద్రం 1948 డిసెంబర్ 1న మొదలైంది. అది మీడియంవేవ్, పగలు మా ఊరికి నిలకడగానే వచ్చేది. మరి షార్ట్‌వేవ్ కోసం తంటాలెందుకు? ఢిల్లీ వార్తల కోసం కొంత, లండన్ కోసం కొంత. అసలు కారణం మాత్రం సిలోన్. రెండో ప్రపంచయుద్ధంలో ఆగ్నేయాసియాలో పోరాడే మిత్రరాజ్యాల సైనికుల వినోదానికి కొలంబోలో ఒక రేడియో పెట్టారు. యుద్ధం ముగిశాక వాళ్ల నూరు కిలోవాట్ల షార్ట్‌వేవ్ ట్రాన్స్‌మిటర్ సిలోన్‌వాళ్ల చేతికొచ్చింది. వాళ్ల అదృష్టం బాగుండి, సరిగ్గా 1952లో మన ప్రసారశాఖ మంత్రి కేస్కర్‌గారికి సినిమా పాటలంటే గిట్టక ఆకాశవాణిలో ఆ పాటల నోరు నొక్కేశారు. శాస్త్రీయ సంగీతం నేర్పుదామని ఆయన ఆశ. జనం మంత్రిగారితో వాదనకి దిగలేదు, ముల్లు తిప్పుకున్నారు. ఆ డిసెంబరులోనే కొలంబో నుంచి అమీన్ సయానీ బినాకా గీత్‌మాలా మొదలైంది. అయిదేళ్లకి, 1957 అక్టోబర్ 3న, ఆకాశవాణి వివిధభారతి పెట్టి దిద్దుబాటు చేసుకుంది గాని, అప్పటికే సిలోన్ మా ఇళ్లలో మనిషైపోయింది. మధ్యాహ్నం అన్నాలయ్యాక తెలుగు పాటలు వేసే మీనాక్షి పొన్నుదురైగారి గొంతు మా వీధిలో ప్రతి ఆడపడుచుకీ తెలుసు. తెలుగుని ఆవిడ పలికే తీరులో ఒక ముద్దు ఉండేది. మా అక్కయ్య ఆవిణ్ణి అనుకరించి తిట్లు తినేది.

ఇక ఆ కొలంబోని ఇంట్లోకి దింపడం ఎలా? దానికి మా దగ్గర ఉన్న సాధనం కొబ్బరిచెట్టు. ఇంగ్లీషువాడు ఇనప స్తంభం పాతాలి, మాకు దేవుడే పాతిపెట్టాడు. కొబ్బరి దింపుకి వచ్చిన మనిషినే బతిమాలి, రాగితీగ కొస మొలకి చుట్టి పైకి పంపేవాళ్లు. రెండు చెట్ల మధ్య తీగ, రెండు కొసల్లో పింగాణీ గుడ్లు, మధ్యలోంచి ఒక తీగ కిటికీలోకి. చెప్పడం సులువు. చెట్టు ఊగుతుందన్న సంగతి మొదటి గాలిదుమారం వచ్చాకే గుర్తొచ్చేది. బిగించి కట్టిన తీగ ఠంగుమని తెగేది. మా నాన్నగారు రెండుసార్లు తెంపుకున్నాక ఒక ఉపాయం చేశారు. ఒక కొసకి కప్పీ కట్టి, తాడు దాని మీదుగా వేసి, కిందికొసకి ఇటిక వేలాడదీశారు. చెట్టు ఎటు ఊగితే ఇటిక అటు పైకీ కిందికీ ఆడేది, తీగ మాత్రం బిగువుగా ఉండేది. ఆ ఇటిక కింద ఆడుకోవద్దని మాకు రోజూ హెచ్చరిక.

తీగ ఏ దిక్కున కట్టాలన్నది ఇంకో పెద్ద శాస్త్రం. కొలంబో మాకు దాదాపు నేరుగా దక్షిణాన, కాస్త పడమరగా, రమారమి పదకొండు వందల కిలోమీటర్లు. ఢిల్లీ ఉత్తరాన. తీగకి కొసల వైపు కన్నా పక్కలనుంచి వచ్చే కేక బాగా అందుతుంది. అంచేత తూర్పు పడమరలుగా కడితే ఒకే తీగతో కొలంబోనీ ఢిల్లీనీ కూడా పట్టొచ్చు. ఇది తెలియక ఉత్తర దక్షిణాలుగా కట్టి, సెట్టు మంచిది కాదని అమ్ముకున్న ఒక పెద్దమనిషిని నేనెరుగుదును. కొన్నాయన తీగని మళ్లించి కట్టుకుని హాయిగా విన్నాడు.

ఎర్త్ విషయంలో మాత్రం మేము జమీందార్లం. రాయలసీమలో ఎర్త్ కావాలంటే ఉప్పూ బొగ్గూ వేసి, రోజూ బిందెడు నీళ్లు పోయాలిట. మాకు రెండు మూరలు తవ్వితే చెమ్మ, నూతి గట్టు పక్కన రేకుముక్క పాతితే చాలు. అయితే అదే చెమ్మ ఇంకోవైపు పగ తీర్చుకునేది. సముద్రం గాలి తగిలి రాగితీగ అతుకుల దగ్గర పచ్చగా చిలుము పట్టేది. చిలుము పట్టిన అతుకు బయటికి బాగానే కనబడుతుంది. గాలి వీచినప్పుడల్లా మాత్రం సెట్టులో పటపటమంటుంది. సగం ఇళ్లలో రేడియో జబ్బు ఇదే. అతుకుని ఉప్పుకాగితంతో రుద్ది, సీసంతో మాట వేసి, పైన మైనం పూస్తే ఏడాదికి ఢోకా ఉండదు. కాని మనవాళ్లకి మైనం పూసే ఓపిక లేదు, సెట్టుని కొట్టే ఓపిక ఉంది.

ఉరుము ఉరిమిందంటే ఏరియల్ ఊడదీసి ఎర్త్‌తో కలపడం ఇంట్లో పెద్దపిల్లవాడి పని. కొబ్బరిచెట్టు మీద పిడుగు పడటం మా దేశంలో కొత్త కాదు మరి.

ఇన్నీ చేసినా ఒక్కొక్క రాత్రి కొలంబో అలల మీద పడవలా తేలేది, మునిగేది. పాట చరణంలో సగం మనకి, సగం ఆకాశానికి. దీనికి మా ఊళ్లో సెట్టునే తిట్టేవారు. నిజానికి సెట్టుకి ఏ పాపం తెలియదు. షార్ట్‌వేవ్ నేల వెంట వచ్చేది కాదు. పైకి వెళ్లి, నూరు మొదలు మూడు నాలుగు వందల కిలోమీటర్ల ఎత్తున ఎండకి విద్యుత్తు పట్టిన గాలిపొరలకి తగిలి, వంగి కిందికి దిగేది. అలాంటి పొర ఉండి తీరాలని 1902లో కెనెల్లీ, హెవిసైడ్ అనే ఇద్దరు ఊహించారు. 1924లో ఆపిల్టన్ ప్రయోగం చేసి ఉందని తేల్చి, 1947లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. మనవాళ్లేమీ వెనకబడలేదు. కలకత్తాలో శిశిర కుమార్ మిత్రా, మన వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయం భౌతికశాస్త్ర శాఖలో భావరాజు రామచంద్రరావుగారూ ఆ పొరల సంగతే తవ్వి తీశారు. మేము కొబ్బరిచెట్టు కింద తిట్టుకుంటున్న దాన్ని, ఆయన ఈ తీరంలోనే కాస్త ఎగువన కొలుస్తున్నారన్నమాట.

ఆ పొర అద్దమే, కాని నిలకడ లేని అద్దం. ఒకే పాట రెండు దారుల్లో దిగి వస్తుంది; రెండూ కలిస్తే గట్టిగా, ఒకదాన్నొకటి కొట్టుకుంటే నీరసంగా వినబడుతుంది. ఇదే తేలడం మునగడం. పగటిపూట కింది పొర ఒకటి పెద్ద మీటర్ల స్టేషన్లని మింగేస్తుంది, పొద్దుగూకాక అది పోతుంది. అందుకే పగలు పదహారు, పందొమ్మిది, ఇరవయ్యయిదు మీటర్లు, రాత్రి ముప్ఫయ్యొకటి, నలభయ్యొకటి, నలభైతొమ్మిది. రాత్రిపూట పదహారు మీటర్ల మీద లండన్ కోసం ముల్లు అరగదీసేవాడికి మెకానిక్కు ఏం చేయగలడు? దీనికి తోడు సూర్యుడి మచ్చలు. పదకొండేళ్లకోసారి అవి పెరిగితే పై పొర చిక్కబడి దూరపు స్టేషన్లు దగ్గరౌతాయి. 1957, 58ల్లో ఎన్నడూ లేనన్ని మచ్చలు. ఆ రెండేళ్లూ మా నాన్నగారు తన సెట్టంత గొప్ప సెట్టు జిల్లాలో లేదని చెప్పుకున్నారు. 1964లో మచ్చలు తగ్గిపోయాక వాల్వులు అరిగిపోయాయన్నారు.

ఈలోగా కరెంటు వచ్చింది. స్తంభాలు పాతుతూంటే మేము వెంటపడి చూశాం. బ్యాటరీ బాధ తీరుతుందని నాన్నగారి సంబరం. తీరింది కూడాను. కాని అంతవరకూ మా ఊరి గాలిలో లేని ఒక కొత్త హోరు ఆ తీగల వెంటే వచ్చింది. నీళ్ల మోటారు తిరిగితే బుర్రు, ఫ్యాను రెగ్యులేటరు కదిపితే బర్రు, స్తంభం మీద పింగాణీ పగిలి మంచు పట్టిన రాత్రి కొలంబో మొత్తం మాయం. కరెంటు లేని రోజుల్లో మా శత్రువు మేఘం ఒక్కటే. వచ్చాక ప్రతి ఇంట్లోనూ ఒకడు పుట్టాడు.

1969 జులైలో మాకు జరిగినది చెబుతాను. ఆ నెల 16న అపోలో 11 బయల్దేరింది. చంద్రుడి మీద దిగేటప్పటికి మన టైము ప్రకారం 21వ తేదీ తెల్లవారుజాము ఒకటీ నలభై ఏడు. నాన్నగారు లెక్కల మేష్టారు. బళ్లో పిల్లలకి బోర్డు మీద చంద్రుడిదాకా దారి గీసి, రేడియోలో విని వచ్చి చెబుతానని మాటిచ్చారు. సరిగ్గా వారం ముందు నుంచి సెట్టు సాయంత్రమయ్యేసరికి గరగరమని మొదలుపెట్టింది. వాయిస్ ఆఫ్ అమెరికా లేదు, లండన్ లేదు. బుధవారం ఎనిమిదింటి గీత్‌మాలా పోయిందని అక్కయ్య అన్నం మానేసింది. సెట్టుని తువ్వాల్లో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని అమలాపురం తీసుకెళ్లాం. షాపులో గంటలా మోగింది. ఇంటికి తెస్తే మళ్లీ గరగర.

మర్నాటి సాయంత్రం మెకానిక్కు సైకిలు మీద వచ్చాడు. చెయ్యి పెట్టకుండా కాసేపు విన్నాడు. ఏరియల్ తీగ పీకాడు. గరగర తగ్గింది.

"ఆయ్, సెట్టు బంగారవండీ మేష్టారూ. జబ్బు బయట్నించి వత్తందండీ," అన్నాడు.

మెయిన్ స్విచ్చి కట్టెయ్యమన్నాడు. ఇల్లు చీకటైంది. తనతో తెచ్చుకున్న చిన్న ట్రాన్సిస్టరు పెట్టి చూశాడు, గరగర అలాగే ఉంది. అంటే మా ఇంట్లోది కాదు. ట్రాన్సిస్టరుని అరచేతిలో పెట్టి మెల్లిగా గుండ్రంగా తిప్పాడు. ఒక దిక్కుకి రాగానే శబ్దం సన్నగిల్లింది. మీడియంవేవ్ కోసం ఆ డబ్బాలో ఒక నల్లటి కడ్డీ ఉంటుంది. దాని కొస ఎటు చూస్తే అటునుంచి వచ్చేది దానికి వినబడదు. కాబట్టి దొంగ ఆ గీత మీదే ఎక్కడో ఉంటాడు. గీత పట్టుకుని నడిచాడు. మేమంతా వెనకాల. గీత పెరట్లోంచి వెళ్లి మధ్యగోడ దగ్గర ఆగింది.

మధ్యగోడ అవతల మా పెదనాన్నగారిల్లు. మండువా లోగిలి పంపకాలప్పుడు నూతి దగ్గర వచ్చిన మాటపట్టింపుతో అన్నదమ్ములిద్దరూ మూడేళ్లుగా మాట్లాడుకోవడం లేదు. నాన్నగారు గోడకేసి చూసి, "సరే, ఇక వదిలెయ్యి. పేపర్లో చదువుకుంటాం," అన్నారు.

మెకానిక్కుకి మా పంపకాల సంగతి తెలిసే ఉంటుంది. తెలియనట్టు గోడ మీదుగా కేకేశాడు. "పెదబాబుగారండీ! తవరి రేడియో ఎలా పలుకుతందండీ?"

అవతల్నించి పెదనాన్న గొంతు, "ఏం పలుకుతుంది? వారంబట్టి చావబాదుతోంది. ఈ గోడ ఇవతలికి ఏం పెట్టారో ఏమో!"

పెదనాన్న వారం కిందటే వసారాలో ట్యూబులైటు పెట్టించారు. దాని స్టార్టరు పాడై, దీపం వెలుగుతున్నట్టే వెలుగుతూ లోపల క్షణానికి వందసార్లు తపతపలాడుతోంది. స్టార్టరు మార్చి, రెండు తీగల మధ్య వేలెడంత కండెన్సరు వేసేసరికి రెండిళ్లలోనూ గరగర ఒక్కసారి ఆగింది. వారం రోజులు రెండు కొంపలూ ఒకదాన్నొకటి అనుమానించుకుంటూ కూర్చున్నాయి. మెకానిక్కు స్టార్టరు ఖరీదు పెదనాన్న దగ్గరా, రానూపోనూ కూలీ నాన్నగారి దగ్గరా తీసుకున్నాడు.

ఇరవయ్యో తేదీ రాత్రి పన్నెండున్నరకి వీధి తలుపు చప్పుడైంది. పెదనాన్న, భుజాన పైపంచె, చేతిలో టార్చిలైటు. "నా ఏరియల్ పొట్టిది. ఇంత దూరం అందదు," అన్నారు గుమ్మంలోనే. నాన్నగారు లేచి కుర్చీ ఇచ్చారు. "కూచో అన్నయ్యా," అన్నారు. ముల్లు పెదనాన్నే తిప్పారు. ఒకటీ నలభై ఏడుకి అమెరికావాళ్ల మాటలు తేలుతూ మునుగుతూ వచ్చాయి. సగం నాకు అర్థం కాలేదు. నాన్నగారు ఒకటి చెబితే పెదనాన్న దాన్ని దిద్దుతున్నారు. ఎనిమిదీ ఇరవయ్యారుకి ఆ మనిషి కాలు కింద పెట్టేదాకా పెదనాన్న ఇంటికి పోలేదు. కాఫీ మా ఇంట్లోనే తాగారు.

ఆ తరవాతి కథ మీకూ తెలిసిందే. ఏటా పోస్టాఫీసులో పదిహేను రూపాయలు కట్టి రేడియో లైసెన్సు పుస్తకం మీద ముద్ర వేయించుకోవడం 1980ల నడిమికి పోయింది. పెంకుటిళ్లు డాబాలయ్యాయి, వాటి ఇనప ఊచల మధ్య రేడియో గొంతు నొక్కుకుపోతుందని కిటికీలో పెట్టుకునేవాళ్లం. 1984 అక్టోబర్ 31న ఇందిరాగాంధీ హత్య సంగతి ఆకాశవాణి సాయంత్రందాకా చెప్పకపోతే, లండన్ ముందే చెప్పిన వార్త కోసం మా వీధంతా మళ్లీ మా కిటికీ దగ్గరికి వచ్చింది. పిమ్మట టీవీ. ఆ తరవాత ఎల్‌ఈడీ బల్బులు, ఫోను చార్జర్లు, ఇన్వర్టర్లు. ఒక్కొక్కటీ పెదనాన్న ట్యూబులైటుకి ముత్తాత. ఇప్పుడు వాటిని ఆపినా పట్టడానికి పెద్దగా స్టేషన్లు లేవు. బీబీసీ హిందీ షార్ట్‌వేవ్ 2020 జనవరి 31న ఆగిపోయింది, ఆకాశవాణి షార్ట్‌వేవ్ కూడా చాలామటుకు మూతపడింది.

మా సెట్టు ఆఖరిసారి బాగా పలికింది 1996లో. నవంబర్ 6 రాత్రి తుపాను కోనసీమ మీద పడింది. వెయ్యిమందికి పైగా పోయారు. తెల్లారి చూస్తే తోటలు లేవు, నేల మీద పడుకున్న మొద్దులు. ఏరియల్ కట్టిన చెట్లు రెండూ ఒకదాని మీదొకటి పడున్నాయి, ఇటిక మాత్రం ఉన్నచోటే ఉంది. స్తంభాలు విరిగి, జిల్లాలో ఇటువైపంతా కరెంటు పోయింది. పెదనాన్న అప్పటికి లేరు. నాన్నగారికి డెబ్భై దాటాయి. తెగిపడ్డ తీగ వెతికి తెమ్మన్నారు. చిలుము గీకి, ఒక కొస కిటికీ ఊచకి తగలకుండా గుడ్డ చుట్టి కట్టి, రెండో కొస పడిపోయిన మొద్దు మీదుగా లాగి, ట్రాన్సిస్టరుకి తగిలించాను.

గరగర లేదు. మోటార్లు లేవు, దీపాలు లేవు, చుట్టుపక్కల ఏ తీగలోనూ ప్రాణం లేదు. కరెంటు రాకముందు ఎలా పలికేదో అలా పలికింది. లండన్ పక్కగదిలో ఉన్నట్టుంది. ఆంధ్రప్రదేశ్, తుపాను, గోదావరి అని ఇంగ్లీషులో వినబడింది. మృతుల సంఖ్య చెబుతున్నారు. అమ్మ వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. మరో స్టేషను ఏమంటుందో చూద్దామని నేను చెయ్యి పెట్టబోయాను.

"ముల్లు కదపకు," అన్నారు నాన్నగారు.